పేరు దక్కని తిలంగాలు

ఉత్తర హిందూస్థానంలో ఒకప్పుడు సిపాయిని ‘తిలంగా’ అనేవారు. 1756లో క్లైవు మద్రాసు నుంచి వంగదేశానికి నడిపించిన దళాలలోని తెలుగువారి మూలంగా ఈ వ్యవహారం ఏర్పడిందని చెబుతారు. ఒక జాతి పేరు ఒక వృత్తికే పేరయింది గాని, ఆ వృత్తిలో ప్రాణాలు విడిచినవారి పేర్లు గ్రంథాలకెక్కలేదు. మొదటి బర్మా యుద్ధాన్ని గురించిన రచనలే ఇందుకు నిదర్శనం.

1824 మే నెలలో రంగూనులో దిగిన సైన్యంలో మద్రాసు పటాలాలు ఉన్నాయి. వాటిలో తెలుగువారితోపాటు తమిళులు, ముస్లిములు కూడా ఉండేవారు. ఊరు ఖాళీగా ఉంది. పశువులు లేవు, పడవలు లేవు, తాజా ఆహారం లేదు. ఆపై ఎడతెగని వానలు. శత్రువు తుపాకులకంటె జ్వరమూ రక్తవిరేచనాలూ ఎక్కువమందిని బలిగొన్నాయి. 1826 ఫిబ్రవరిలో యాండబో సంధి జరిగేనాటికి, యుద్ధంలో దించిన సుమారు 40 వేలమందిలో 15 వేలమంది మరణించారనీ, వారిలో అధికభాగం వ్యాధులకే ఆహుతి అయ్యారనీ అంచనా. అరకానులో 1825 వర్షకాలపు జ్వరం సేనను పనికిరాకుండా చేసింది. అటువంటి జ్వరాలకు చెడుగాలి కారణమని వైద్యులు నమ్మిన కాలమది. మలేరియాకు దోమతో గల సంబంధాన్ని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనుగొన్నది 1897లో.

సేనాధిపతి కాంబెల్‌కు సైనిక కార్యదర్శిగా ఉన్న స్నాడ్‌గ్రాస్ 1827లో ప్రకటించిన యుద్ధవృత్తాంతం ఈ దుస్థితిని దాచలేదు. అది ఆ గ్రంథంలోని గుణం. అయితే ఆయన చూపు సేనాధిపతి గుడారం నుంచి ప్రసరించినది. రోగం అక్కడ దండయాత్రకు కలిగిన ఆటంకం. రోగి మనిషిగా కనిపించడు.

అంతకంటె చర్చించవలసినది, మద్రాసు సిపాయి సముద్రం దాటడాన్ని స్వామిభక్తిగా కీర్తించే ధోరణి. 1824 నవంబరులో బారక్‌పూరులో వంగదేశపు సిపాయిలు ప్రయాణానికి నిరాకరించి కాల్పులకు గురికావడంతో ఈ పోలిక బలపడింది. కాని 1780 అక్టోబరులో విశాఖపట్నంలో ఓడ ఎక్కమన్నందుకు తిరగబడినవారు ఈ తెలుగు తీరపు దళంలోని సిపాయిలే. నాలుగు దశాబ్దాలలో జాతి స్వభావం మారిపోయిందా? జీతం, ఇంటివద్ద కుటుంబానికి అందే భత్యం, సైన్యంలో తప్ప మరెక్కడా దొరకని జీవనోపాధి - వీటిని వదలి భక్తిని పట్టుకోవడం చరిత్రకారునికి తగిన పని కాదు.

ఈ యుద్ధానికి మద్రాసు నుంచి బలగాలను, సామగ్రిని సమకూర్చిన గవర్నరు థామస్ మన్రోకు 1825లో బారొనెట్ బిరుదు లభించింది. గ్లాస్గోలో పుట్టి సైనికుడిగా ఈ దేశానికి వచ్చిన ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో ఖననం జరిగింది. తరువాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం బావి తవ్వించి తోపు వేయించారు. రాయలసీమ రైతు ఆయనను అభిమానంతో తలచుకోవడానికి కారణాలున్నాయి, వాటిని కాదనలేము. అయినా ఆయన పంపిన సిపాయిలు అదే విధంగా రోగంతో మరణించారు. వారిని ఏ ఊరివారో, ఎవరి కొడుకులో చెప్పగలిగినవి యుద్ధవృత్తాంతాలు కావు. వెదకవలసింది పటాలాల జీతపు లెక్కలలో, భర్తను పోగొట్టుకున్న స్త్రీలు పింఛను కోసం పెట్టుకున్న అర్జీలలో.