ఉపగ్రహం కంటికి వాడ ఆనదా?

ఉపగ్రహానికి కులం లేదు, పైనుంచి అందర్నీ ఒకేలా చూస్తుంది అని మన చదువుకున్నవాళ్లలో ఒక నమ్మకం. కాలుష్య నియంత్రణ మండలి లెక్కల మీద ఆశ వదులుకున్న కార్యకర్తలు కూడా ఇప్పుడు ఆ రంగురంగుల పటాలకేసి చూస్తున్నారు. ఆ ఆశను నేను కొట్టిపారెయ్యను. కానీ ఆ చూపు ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా దాన్ని సాక్ష్యానికి నిలబెడితే, ఎదుటి వకీలు మనల్నే నోరు మూయిస్తాడు.

2017లో యూరప్ పంపిన సెంటినెల్-5పి ఉపగ్రహంలో ట్రోపోమి అనే పరికరం ఉంది. భూమిని తాకి తిరిగొచ్చే ఎండలో ఏ తరంగం ఎంత తగ్గిందో చూసి నైట్రోజన్ డయాక్సైడు, సల్ఫర్ డయాక్సైడు, ఓజోను వగైరా ఎంతున్నాయో లెక్కకడుతుంది. ఎండ లేకపోతే ఆ లెక్క లేదు. మన నెత్తిమీదికి వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీను లీకయింది తెల్లవారుజామున. ఆ జూన్ 29న పరవాడ ఫార్మాసిటీలో, సాయినార్ కంపెనీలో గ్యాసు ఇద్దర్ని చంపింది అర్ధరాత్రికి కాస్త ముందు. పైగా స్టైరీను అది కొలిచే జాబితాలోనే లేదు. 2022లో అచ్యుతాపురం సీడ్స్ బట్టల కంపెనీలో జూన్ 3న ఓసారి, ఆగస్టు 2న మరోసారి వందకు పైగా కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్లు, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. షెడ్డు లోపలి గాలి ఏ ఉపగ్రహానికి కనిపిస్తుంది?

అసలు కిటుకు గడిలో ఉంది. ట్రోపోమి పటంలో అతి చిన్న గడి 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. దానికి ముందు 2004 నుంచి వాడిన ఓఎమ్ఐ గడి ఏకంగా 24 కిలోమీటర్లు, 13 కిలోమీటర్లు. ఊరికీ వాడకీ మధ్య దూరం అరకిలోమీటరు ఉంటే గొప్ప. వెయ్యేళ్లుగా మనువు విడదీసిన ఊరూ వాడా ఈ గడిలో మాత్రం చక్కగా కలిసిపోయి ఒకే సగటు అంకె అవుతాయి! సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద ఎవరి గుమ్మంలో పడుతుందో, ఫార్మా కాలవ పక్కన ఎవరి బోరు ఉందో ఆ అంకె చెప్పదు. జనగణన కూడా ఊరికింతమంది షెడ్యూల్డ్ కులాలవారని లెక్కిస్తుంది గానీ, వాళ్ల ఇళ్లు ఏ దిక్కున ఉన్నాయో చెప్పదు.

ఓజోను సంగతి మరీ తిరకాసు. అందులో 90 శాతం దాకా పైన స్ట్రాటోస్ఫియరులో ఉండి మనకి గొడుగు పడుతుంది. కింద పొగల్లోని నైట్రోజన్ ఆక్సైడులు, ద్రావకాల ఆవిర్లు ఎండలో కలిసి పుట్టే ఓజోను ఊపిరితిత్తులకు విషం. పైనుంచి చూసే కన్ను మొత్తం పొరని చూస్తుంది, అందులో ముక్కు ఎత్తున ఉన్నదాన్ని విడదీయడం కష్టం. ఎండ మండే ఆ వేళకి చెరకు తోటలో ఉన్నది భూమి కలాయన కాదు, కూలీ.

1985 సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. అంటార్కిటికా ఓజోను రంధ్రాన్ని ముందు లోకానికి చెప్పింది హ్యాలీ బేలో నేలమీద పెట్టిన పాత డాబ్సన్ పరికరం. అమెరికా ఉపగ్రహం నింబస్-7 ఆ తక్కువ అంకెల్ని చూసింది. కానీ మరీ తక్కువ విలువలు అనుమానాస్పదమని వాటికి ముందే గుర్తు పెట్టేలా లెక్క రాసి ఉంచారు. మరీ తక్కువగా ఉన్నవాటిని నమ్మకపోవడం మనకేం కొత్త? నేలమీదివాళ్లు చెప్పాక ఆ అంకెలే తిరగేసి, రంధ్రం ఎంత పెద్దదో ప్రపంచానికి చూపించారు.

కాబట్టి పటాలు పారెయ్యొద్దు. ట్రోపోమి అంకెలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మన విద్యార్థులు నేర్చుకోవాలి. ఏళ్ల తరబడి ఏ గడి ముదురుతోందో అవి చెప్పగలవు. దాని పక్కనే పరవాడ, అచ్యుతాపురం వాడల్లో రాత్రింబవళ్లు కొలిచే పరికరాలు పెట్టమని అడగాలి. అవి పెట్టేది కంపెనీ గేటు దగ్గరా, మన వీధిలోనా అన్నది మొదటి తగువు. నైరుతి గాలప్పుడు పొగ ఎవరి మీదుగా పోతుంది, చలికాలం ఈశాన్యం తిరిగితే ఎవరి మీదికి వస్తుంది అన్నది వాడలో ముసలమ్మలు చెబుతారు. ఆ మాట తారీఖు, టైముతో సహా రాసుకునే నోటుబుక్కు ఇప్పుడే మొదలెట్టొచ్చు.