దిగమింగుకొన్న దుఃఖం, పంచుకొన్న ఆట

ఇంట్లో మరణం సంభవించిన ఆటగాడు వెంటనే మైదానంలో దిగితే, మన వార్తారచనకు అలవాటైన పలుకుబడి ఒకటున్నది: 'దుఃఖాన్ని దిగమింగుకొని ఆడాడు.' ఇందులో అబద్ధం లేదు. అయితే జట్టు ఆటలోని ఒక ముఖ్య సత్యాన్ని ఇది కప్పివేస్తున్నదని మా అభిప్రాయం.

2006 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన రంజీ పోటీని తీసుకొందాం. కర్ణాటకపై 40 పరుగులతో అజేయంగా ఇంటికి వెళ్ళిన విరాట్ కోహ్లీ ఆ రాత్రే తండ్రిని కోల్పోయాడు. అప్పటికి అతని వయస్సు 18. మరునాడు వచ్చి, తన స్కోరును 90కి చేర్చి, ఆ తరువాతనే అంత్యక్రియలకు వెళ్ళాడు. ఈ కథ అందరికీ తెలుసు. కాని ఆనాడు అవతలి కొసన నిలిచి శతకం దాటిన పునీత్ బిష్త్ చాలా కథనాల్లో కనిపించడు. కథ ఒక్కడిదైపోయింది.

ఇందులో భాష పాత్ర కూడా ఉన్నది. 'దిగమింగుకొను'లోని 'కొను' క్రియాఫలం కర్తకే చెందుతుందని తెలుపుతుంది. మింగేవాడు ఒక్కడే, మింగినది లోపలే ఉంటుంది. 'పంచుకొను'లోనూ ఉన్నది అదే 'కొను'. కాని ఆ క్రియకు మరొకరు కావాలి. 'ఓదార్చు' సంగతీ అంతే. 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రిని కోల్పోయిన హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్, తనకు ధైర్యం చెప్పినవారిలో కెప్టెన్ కోహ్లీని పేర్కొన్నాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు తండ్రిని పోగొట్టుకొన్నవాడే మరొకరికి ఓదార్పు అయ్యాడు. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయగీతం వేళ సిరాజ్ కంట తడిపెట్టాడు. అది మింగిన దుఃఖం కాదు, జట్టు మధ్య నిలబడి కార్చిన కన్నీరు.

నాందేడ్ విద్యార్థులకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఉన్నది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన ఈ జిల్లాలో, దెగ్లూరు, ధర్మాబాదు వైపు తెలుగూ మరాఠీ కలిసే పెరిగాయి. మరాఠీవారి హుతూతూ, మన చెడుగుడు, నేటి కబడ్డీ ఒకే కుటుంబం. కబడ్డీ పాత పద్ధతుల్లో 'గామినీ' అనేదానిలో ఔటైనవాడు జట్టంతా ఔటయ్యేదాకా బయటే ఉండాలి. 'సంజీవని'లో తోటివాడు ప్రత్యర్థిని ఔట్ చేస్తే వీడు తిరిగి లోపలికి వస్తాడు. నేటి ఆట అనుసరించేది సంజీవనినే. ఇక్కడ ఎవడూ తనంతట తాను బతకడు, మరొకడు బతికించాలి.

ఈ దృష్టితో 'భీమిలి కబడ్డీ జట్టు' (2010) చూస్తే లోటు తెలుస్తుంది. తమిళ మాతృకను అనుసరించిన ఈ చిత్రం జట్టులోని స్నేహాన్ని చక్కగా చూపింది. ముగింపులో నాయకుడి మరణం ప్రేక్షకుణ్ణి కదిలిస్తుంది. కాని మిగిలిన ఆటగాళ్ళు ఆ దుఃఖాన్ని ఎలా మోశారన్నది ప్రధానాంశం కాలేదు. సంజీవని ఆటను గామినీ కథగా ముగించినట్లయింది.

ఇది కేవలం శైలికి సంబంధించిన పట్టింపు కాదు. తండ్రినో తల్లినో కోల్పోయిన పదహారేళ్ళ పిల్లలు మన తరగతుల్లోనూ ఉంటారు. 'దిగమింగుకొని' అన్న పొగడ్త వారికి ఆజ్ఞలాగా వినిపిస్తుంది: నువ్వు కూడా మింగు, ఏడవకు. ఆట వారికి చెప్పేది వేరు: నీ చోటు నీకోసం ఉన్నది, నిన్ను లోపలికి తెచ్చే పని మాది.

కనుక విద్యార్థులు ఇటువంటి కథను సమీక్షించేటప్పుడు వీరుడు ఎన్ని పరుగులు చేశాడన్న దానితో ఆగకూడదు. అవతలి కొసన ఎవరున్నారో కూడా అడగాలి.