అతిథియంత్రములకు వంతెన

లైనక్సునందు కెవిఎం సాయమున వర్చువల్ యంత్రములను నెలకొల్పినవారికి మొదట లభించునది లిబ్‌వర్ట్ తనంతట కల్పించి యిచ్చు నెట్‌వర్కు. 192.168.122 వరుసలోని అడ్రసులను పంచిపెట్టి, ఆతిథేయ యంత్రపు అడ్రసు చాటున అతిథులను వెలుపలికి పంపు నీ పద్ధతి నిరపాయమే; కాని లోనివి వెలుపలికి పోగలవే తప్ప, పక్క గదిలోని కంప్యూటరు సైతము తనంతట లోనికి రాజాలదు. పదిమందికి ఉపయోగపడవలసిన వెబ్ సర్వరునకు ఈ ఘోషా తగదు. తక్కిన యంత్రములతో సమానముగా, అదే రూటరునుండి తన యడ్రసును తాను పొంది, అందఱికిని కనబడుచు మెలగు యోగ్యతను అతిథికి ప్రసాదించునది బ్రిడ్జి.

ఈ విద్య వర్చువల్ యంత్రములకొఱకు పుట్టినది కాదు. 1980 దశకమున వేర్వేరు ఈథర్‌నెట్ తీగలను కలుపుటకు వెలసిన పెట్టెలే తొలి బ్రిడ్జిలు. తీగలు వలయముగా కలిసినచో ఫ్రేములు అంతులేక తిరుగుచుండుటను అరికట్టుటకై, డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేయుచుండిన రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ అను ఉపాయమును ప్రకటించి, దాని సారమును ఒక చిన్న పద్యముగా గూడ కూర్చెను. శాస్త్రపత్రమున కవిత్వమునకు చోటిచ్చిన ఆమె రసికత మెచ్చదగినది. 1990లో ఆ యుపాయము 802.1డి ప్రమాణమున స్థిరపడెను. 2007లో 2.6.20 కెర్నలునందు కెవిఎం ప్రవేశించునాటికే లైనక్సులో బ్రిడ్జి చిరపరిచితము.

దాని నడక సరళము. ఏ ద్వారమునుండి ఏ మ్యాక్ అడ్రసుగల ఫ్రేము వచ్చెనో గుర్తుంచుకొని, ఆ యడ్రసునకు పోవలసినదానిని ఆ ద్వారమునకే పంపును. ఎఱుగని యడ్రసైనచో వచ్చిన ద్వారము తప్ప అన్నింటికిని పంచును. 300 సెకన్లు అలికిడి లేనిదానిని మఱచును. అతిథివైపు ద్వారము ట్యాప్ అను కల్పిత తీగ, వెలుపలివైపు ద్వారము నిజమైన ఈథర్‌నెట్ కార్డు.

నిర్మాణమున 'ఐపీ' ఆదేశముతోనో, నెట్‌వర్క్ మేనేజరుతోనో, ఉబుంటు సర్వరైనచో నెట్‌ప్లాన్ ఫైలులోనో బ్రిడ్జిని సృష్టించి, కార్డును దానికి అప్పగించి, అతిథి నిర్వచనములో ఆ బ్రిడ్జి పేరు వ్రాసినచో పని ముగిసినట్లే తోచును. అసలు మర్మము వేఱొకచోట నున్నది: కార్డునకు అంతవఱకు నున్న ఐపీ అడ్రసును తొలగించి బ్రిడ్జికి ఒసగవలెను. బ్రిడ్జిలో చేరిన కార్డు ఇక ద్వారమాత్రము. ఆతిథేయుడు ప్రపంచముతో మాటలాడవలసినది బ్రిడ్జి ముఖముననే. ఈ మార్పు జరుగు క్షణమున సంబంధము తెగును గనుక, దూరమునుండి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఈ సాహసమునకు పూనుకొనక, యంత్రము ముందు కీబోర్డుతో కూర్చుండుట వివేకము.

పిదప వచ్చు చిక్కులలో పెక్కింటికి కారణము బ్రిడ్జి కాదు. స్పానింగ్ ట్రీ పనిచేయుచున్నచో క్రొత్త ద్వారము 15 సెకన్లు ఆలకించి, మఱి 15 సెకన్లు అడ్రసులను నేర్చుకొని గాని ఫ్రేములను సాగనీయదు. ఈలోపల డీహెచ్‌సీపీకై వేచిన అతిథి నిరాశచెందవచ్చును. వెలుపలికి ఒక్కటే తీగ యున్నచోట స్పానింగ్ ట్రీని ఆపివేయుటయే మేలు. అతిథిని నకలు తీయునపుడు మ్యాక్ అడ్రసును మార్చకున్నచో రెండు యంత్రములు ఒకే పేరున పిలువబడి, బ్రిడ్జి జ్ఞాపకము తారుమాఱగును. డాకరును గూడ నడుపుచున్న యంత్రమున, బ్రిడ్జి మీది ఐపీ ప్యాకెట్లు ఐపీటేబుల్స్ విచారణకు లోనై త్రోవలోనే రాలిపోవుట కలదు. అంతయు సరిగానున్నను అతిథి మూగవోయినచో మొదట అచ్చటనే వెదకవలెను.

వైఫై సంగతి ప్రత్యేకము. తనతో జతకూడిన కార్డు అడ్రసును తప్ప దాని వెనుకనుండు అతిథుల అడ్రసులను సాధారణ యాక్సెస్ పాయింటు అంగీకరింపదు. కావున అచ్చట ఈ శ్రమ వ్యర్థము. ల్యాప్‌టాప్‌పై వైఫైతో అభ్యసించువారు లిబ్‌వర్ట్ ఇచ్చిన నెట్‌వర్కుతోనే తృప్తిపడుట మంచిది. కళాశాల ప్రయోగశాలలోనో, కార్యాలయమునందో తీగతో కట్టిన సర్వరును నిర్వహించువారు మాత్రము, మొదటి అతిథిని సృష్టింపకమునుపే బ్రిడ్జిని నిర్మించుకొనవలెను.