మేడమ్‌లు వస్తున్నయి

ఓ రాత్రి కాల్‌లో మా అమెరికా మేనేజరు టోక్యోలో ఉన్న ఇంజనీర్ని అడిగాడు: "టెస్టులు ఇంకా పాసవలేదా?" అతను "యెస్" అన్నాడు. మేనేజరు "గ్రేట్!" అని తర్వాతి పాయింటుకి వెళ్లిపోయాడు. హైదరాబాదులో మేం నలుగురం మ్యూట్‌లో నవ్వుకున్నాం. ఆ "యెస్" అంటే "అవును, పాసవలేదు" అని మాకు వెంటనే అర్థమైంది. మేమైనా అదే అనేవాళ్లం.

ఇంగ్లీషులో యెస్, నో జరిగినదాన్ని బట్టి వస్తాయి. జరగకపోతే నో. జపనీస్‌లోనూ తెలుగులోనూ అడిగినవాడి మాటని బట్టి వస్తాయి. నువ్వన్నది నిజమే అనిపిస్తే, అవును. జపాన్ వాళ్ల ఇంగ్లీషు తప్పుల జాబితాల్లో ఇదొకటి. 'ఏ', 'ద' ఎగిరిపోవడం, బహువచనం 'ఎస్' మర్చిపోవడం మిగతావి. వాళ్ల భాషలో ఆర్టికల్స్ లేవు, నామవాచకానికి బహువచనం తప్పనిసరి కాదు. లేని అలవాటు నోటికి ఎక్కడానికి టైం పడుతుంది. తప్పులన్నీ మాతృభాష నుంచే రావు కానీ, ఇలాంటివి మాత్రం అక్కణ్నుంచే వస్తాయి. పిట్ కార్డర్ అనే భాషావేత్త 1967లోనే ఒక వ్యాసంలో ఈ మాట చెప్పాడు: నేర్చుకునేవాడి తప్పు చెత్త కాదు, వాడి బుర్రలో ఏ వ్యాకరణం నడుస్తోందో చూపించే ఆధారం.

అతని తప్పు మా తప్పే కాబట్టి అర్థం చేసుకున్నాం. మనది కాని తప్పు ఎదురైతే ఏం చేస్తాం? నేను చేసిన పని చెప్తాను.

భద్రాచలం అడవి అంచున ఒక స్కూల్లో ఏడో తరగతి. తనిఖీకి ఇద్దరు మేడమ్‌లు వస్తారని సారు ఒక కోయ పిల్లాణ్ని గేటు దగ్గర నిలబెట్టారు. వాడు పరిగెత్తుకొచ్చి, "సార్, మేడమ్‌లు వస్తున్నయి!" అన్నాడు. క్లాసు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాళ్లలో నేనొకణ్ని. "మేడమ్‌లంటే గొడ్లా బర్రెలా రా?" అని సారు వాడి చెవి మెలిపెట్టారు. ఆ తర్వాత వాడు క్లాసులో తెలుగు మాట్లాడటమే తగ్గించేశాడు. వాడికి మర్యాద తెలీదని మేం తీర్మానించేసుకున్నాం.

పదిహేనేళ్ల తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి 'ద్రవిడియన్ లాంగ్వేజెస్' (2003) చదువుతూ ఒక చోట ఆగిపోయాను. లింగం గురించిన భాగం అది. తెలుగులో ఏకవచనంలో మగవాడు ఒక వైపు, మిగతా అంతా ఇంకో వైపు. అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది. మనకేమీ తప్పనిపించదు. బహువచనానికి వచ్చేసరికి గీత జరుగుతుంది. మనుషులు ఒక వైపు, మిగతావి ఇంకో వైపు. అమ్మలు వచ్చారు, బర్రెలు వచ్చాయి. గోండీ కుటుంబానికి చెందిన కోయలో ఆ గీత కదలదు. ఏకవచనమైనా బహువచనమైనా మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లూ మిగతావన్నీ ఇంకో వైపు. అంటే ఆ పిల్లాడు మేడమ్‌లని అవమానించలేదు. తన భాషలో ఆడవాళ్లకి వాడే రూపానికి తెలుగులో సరిపోయేది వెతికి పెట్టాడు. ఇంకో సంగతి: మూల ద్రావిడంలో ఉన్నది కోయ పద్ధతేనని, తెలుగే తర్వాత మారిందని కృష్ణమూర్తి అభిప్రాయం. మేం నవ్విన తప్పు మా ఒప్పు కంటే పాతది.

ఇప్పుడు మన సాహిత్యం సంగతి. అడవి నేపథ్యంలో వచ్చే తెలుగు కథలు నేను వెతుక్కుని మరీ చదువుతాను. వాటిలో చాలావాటిలో కోయ పాత్ర నోరు తెరవగానే నాకు సినిమా కోయదొర కనిపిస్తాడు. 'చ' ఉన్నచోటల్లా 'స', వాక్యానికో 'దొరా', క్రియలు సగంలో తెగిపోవడం. అవన్నీ రచయిత చెవికి 'వెనకబాటు'లా వినిపించే గుర్తులు. ఏ ఊరి పాత్రకైనా అతికించొచ్చు. "మేడమ్‌లు వస్తున్నయి" లాంటి వాక్యం మాత్రం నాకు ఏ కథలోనూ తగల్లేదు. కల్పించిన తప్పులు బోలెడున్నాయి, నిజం తప్పు లేదు. రచయితలకి సానుభూతి తక్కువై కాదు. దోపిడీ గురించి, భూముల గురించి నిజాయితీగా రాసినవాళ్లే ఈ ఒక్క చోట జారిపోతున్నారు. పాత్ర కష్టం తెలుసుకున్నారు గానీ పాత్ర వ్యాకరణం తెలుసుకోలేదు.

'కన్యాశుల్కం'లో గిరీశం ఇంగ్లీషు ఇన్నేళ్లయినా ఎందుకు నవ్విస్తుంది? గురజాడకి ఆ ఇంగ్లీషూ తెలుసు, దాని వెనకున్న తెలుగూ తెలుసు. ఏ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఎరిగి రాశాడు. కాబట్టి మనం నవ్వేది గిరీశం డాబుని చూసి, అతని భాషని చూసి కాదు. కోయ పాత్రల విషయంలో మన నవ్వు, మన జాలి కూడా, భాష దగ్గరే ఆగిపోతున్నాయి.

ఇది కథలకే పరిమితమైన గొడవైతే ఇంత రాయను. 2011 జనాభా లెక్కల ప్రకారం కోయ మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు నాలుగు లక్షలకి పైనే. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిశాక ఆ మాట్లాడేవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కూడా చీలిపోయారు. పక్కన ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో ఎలాగూ ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా కొన్ని ఆదివాసీ భాషల్లో, తెలుగు లిపిలోనే, ప్రాథమిక తరగతులకి పుస్తకాలు వచ్చాయి. మంచి పనే. కానీ తెలుగు వాచకం ముందు కూర్చున్న పిల్లాడి నోటి వాక్యాన్ని తప్పు అనుకోవాలా, ఆధారం అనుకోవాలా అన్నది చివరికి ఆ గదిలో ఉన్న పెద్దమనిషి చేతిలోనే ఉంటుంది. ఆ పెద్దమనిషి మన కథలు చదివి, మన సినిమాలు చూసి పెరిగినవాడే.

నాకు కోయ రాదు. ఊరు దాటితే వినిపించే భాష గురించి కేంబ్రిడ్జ్‌లో అచ్చయిన పుస్తకంలో చదువుకున్నాను. అందుకే కోయ పాత్రల్ని రాయొద్దని ఎవరికీ చెప్పను. ఒక కథ మాత్రం చదవాలనుంది. అందులో తప్పులు చేసేది తెలుగు సారు. కష్టపడి కోయ నేర్చుకుని, ఒక రోజు క్లాసులో ధైర్యంగా "మేడమ్‌లు వస్తున్నారు" అని కోయలో చెప్పబోతాడు. తెలుగు అలవాటుతో మేడమ్‌లకి మగవాళ్ల రూపం వాడేస్తాడు. క్లాసు గొల్లుమంటుంది. ఆయన చెవి ఎవరూ మెలిపెట్టరు.