ఒక చేతి పని కాదు

మాచర్లలో ఊలు అల్లుతున్నామంటే నవ్వని వాళ్ళు లేరు. పక్కనే రెంటచింతల. వేసవిలో ఎండ ఎక్కడ ఎక్కువంటే ముందు వినపడే పేరు అదే. ఇక్కడ స్వెట్టర్లు ఎవరికమ్మా అని ఇంట్లో మగవాళ్ళ ఎగతాళి. అయినా కిందటేడు దసరా సెలవుల్లో పదకొండు మంది ఆడవాళ్ళం ఒకరింట్లో కూర్చుని, చీటీల మీద పేర్లు రాసి, స్టీలు గిన్నెలో వేసి కలిపి, తలా ఒకటి తీసుకున్నాం. ఎవరి పేరు వస్తే వాళ్ళకి సంక్రాంతి లోపల ఏదో ఒకటి అల్లి ఇవ్వాలి. ఊలు కానీ నూలు కానీ, సూదులు కానీ క్రోషా కానీ, ఎవరిష్టం వాళ్ళది. షరతు ఒక్కటే. కొనకూడదు.

మాలో ఇద్దరం లెక్చరర్లం. ఒకమ్మాయి బ్యాంకులో పని చేస్తుంది, ఒకావిడ నర్సు. మిగిలిన వాళ్ళంతా "మేం ఏం చెయ్యమండీ, ఇంట్లోనే ఉంటాం" అని చెప్పుకునే వాళ్ళు. అందరిలోకీ పెద్దావిడ మా వీధి పిన్నిగారు. ఎనభై దాటాయి. భర్త నాగార్జున సాగర్ డ్యాం పనుల్లో ఉద్యోగం చేసిన రోజుల్లో, అక్కడి కాలనీలో రకరకాల ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళ దగ్గర అల్లిక నేర్చుకున్నారట. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టారు. పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా, అలాంటిదే. ఎవరు, ఎవరికి, ఏమిటి, ఎన్ని రోజులు. ఆ చివరి గడి ఆవిడ సొంత ఆలోచన. చదివింపుల పుస్తకంలో రూపాయలు రాస్తారు, గిన్నెలు రాస్తారు. ఆడవాళ్ళ రోజులు రాసిన పుస్తకం నేనైతే అదే చూడటం.

నాకు పిన్నిగారి పేరే వచ్చింది.

తెల్ల నూలుతో భుజాల మీద కప్పుకునే పైగుడ్డ అల్లాలని మొదలుపెట్టాను. చిన్నప్పుడు బడిలో కుట్లు, అల్లికల పీరియడ్‌లో నేర్చుకున్న పని చేతులకి ఇంకా గుర్తుంది. కానీ పరీక్ష పేపర్లు, అత్తగారి ఆస్పత్రి తిరుగుళ్ళు, పండక్కి ఇంటి దులుపుళ్ళు. డిసెంబర్ చివరికి జానెడు కూడా కాలేదు. అప్పుడొక పని మీద గుంటూరు వెళ్ళాను. అక్కడ హస్తకళల ప్రదర్శనలో నరసాపురం లేసు కనపడింది. పువ్వులు పువ్వులుగా ఉన్న చక్కటి పైగుడ్డ. తొమ్మిది వందలు చెప్పి ఏడు వందలకిచ్చాడు. బేరమాడాను కూడా. ఇంటికి తెచ్చి, అట్టముక్క మీది ధర చీటీ పీకేసి, పాత చీర ముక్కలో చుట్టి సంక్రాంతికి పిన్నిగారికిచ్చాను.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. నేను క్లాసులో చెప్పే పాఠాలు తెలిసిన వాళ్ళకి ఆ సిగ్గు ఎంతో కూడా తెలుస్తుంది. జర్మన్ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మధ్య తిరిగి రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వచ్చింది. భారతీయ గృహిణులు ప్రపంచ మార్కెట్టు కోసం ఉత్పత్తి చేస్తున్నారన్నది దాని ఉపశీర్షిక. ఆ 'గృహిణులు' అన్న మాట చుట్టూనే పుస్తకమంతా నడుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. క్రమంగా ఎగుమతి వ్యాపారమయింది. వ్యాపారం మగవాళ్ళది, అల్లిక ఆడవాళ్ళది. రోజులో సగం పైగా క్రోషా పట్టుకుని కూర్చున్నా వాళ్ళని కార్మికులని ఎవరూ అనరు. ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే పని అంటారు. తీరిక అన్నాక కూలి ఎంతన్న ప్రశ్న ఉండదు. దీన్నే మీస్ గృహిణీకరణ అంది. పొలం కూలికి వెళ్ళే స్త్రీకి రోజుకి వచ్చేది వీళ్ళకి వచ్చేదాని కంటే ఎక్కువే అయినా, గడప దాటకపోవడం గౌరవం కాబట్టి ఈ స్త్రీలు తమని తాము మెట్టు పైన ఉన్నట్టే అనుకున్నారని కూడా రాసింది. కులం, ఘోషా, మార్కెట్టు ఒకదానికొకటి ఎలా పనికొస్తాయో ఇంత దగ్గరగా చూపించిన పుస్తకాలు మనకి ఎక్కువ లేవు.

ఇదంతా నేను పిల్లలకి చెప్పిన పాఠం. అదే లేసు మీద నేను చేసిన పని ఏమిటి? చేసిన వాళ్ళ పేరు లేని వస్తువు కొని, దాని మీద నా పేరు పెట్టుకున్నాను. ఎగుమతి వ్యాపారి కనీసం తనే అల్లానని చెప్పుకోడు.

పిన్నిగారు మడత విప్పి ముందు మెచ్చుకున్నారు. తర్వాత అల్లిక తెలిసిన వాళ్ళు ఎవరైనా చేసే పనే చేశారు. వెనక్కి తిప్పారు. కళ్ళజోడు సర్దుకుని, పువ్వు పువ్వునీ వేలితో తడుముతూ వెళ్ళారు.

"ఏందమ్మాయ్, ఇది ఒక చేతి పని కాదే" అన్నారు.

నేను మాట్లాడలేదు.

"ఈ పువ్వు అల్లినామె దారం బిగించి లాగుద్ది. ఇదిగో, ఈమె చెయ్యి వదులు. వీటిని కలిపింది ఇంకొకామె. ముగ్గురో నలుగురో ఉండారు దీంట్లో."

మీస్ పుస్తకంలో ఈ సంగతి ఉంది. పువ్వులు అల్లే వాళ్ళు వేరు, వాటిని ఒకటిగా చేర్చే 'అతుకు పని' వాళ్ళు వేరు. ఎవరి చేతికీ వస్తువు పూర్తిగా కనపడదు, అది ఎక్కడికి పోతుందో తెలియదు. శ్రమ విభజన అని నేను బోర్డు మీద రాసేదాన్ని. ఆ మాటే పుస్తకం పేరు కూడా వినని మనిషి వేలి కొసతో చదివింది. పుస్తకం దృష్టంతా శ్రమ ఎలా కనపడకుండా పోతుందన్న దాని మీద. కనపడకుండా పోయిన ఆ శ్రమని తిరిగి పోల్చుకునే కన్ను ఎవరికుంటుందన్నది నాకు పిన్నిగారే చూపించారు. అది అల్లిన వాళ్ళకే ఉంటుంది.

చేత్తో చేసి ఇచ్చిపుచ్చుకోవడం గురించి మనలో రెండు రకాల మాటలున్నాయి. ఒకటి, ఇదంతా ఆడపిల్లల్ని తలొంచుకుని కూర్చోబెట్టడానికి పెట్టిన పని, దాన్ని వదిలించుకోవడమే మేలు. రెండోది, ఇది స్త్రీల కళ, స్త్రీల స్నేహభాష. రొజికా పార్కర్ 1984లో 'ద సబ్వర్సివ్ స్టిచ్' రాసినప్పుడు ఈ రెండూ నిజమేనంది. స్త్రీకి స్త్రీత్వాన్ని నేర్పిన సూదే ఆమె ఎదురు తిరగడానికీ పనికొచ్చిందని చూపించింది. నాకు ఆ వాదం నచ్చుతుంది. కానీ రెండు మాటల్లోనూ ఒకటి జారిపోతున్నదనిపిస్తుంది. అది కాలం. నరసాపురంలో వ్యాపారి దాన్ని తీరిక అంటాడు. మన ఇళ్ళలో దాన్ని ప్రేమ అంటారు. అమ్మ ప్రేమగా అల్లింది, అక్క ప్రేమగా కుట్టింది. ఏ పేరు పెట్టినా గంటలు లెక్కలోకి రావు. కొన్న వస్తువుని నేను ధైర్యంగా ఇవ్వగలిగింది కూడా అందుకే. ప్రేమ కనపడితే చాలు, గంటలు ఎవరు చూస్తారులే అనుకున్నాను. చూసే మనిషికే ఇస్తున్నానని మర్చిపోయాను.

అదే పండక్కి నాకొక కానుక వచ్చింది. మా బ్యాంకు అమ్మాయి ఊలుతో అల్లిన గోధుమరంగు మేజోళ్ళు. ఒకటి రెండో దాని కంటే వేలెడు పొట్టి. "ఊలు అయిపోయిందండీ, మళ్ళీ ఆ రంగు దొరకలేదు, ఇలాగే తెచ్చేశాను" అంది. ఆ మేజోళ్ళు చూడగానే వర్జీనియా వూల్ఫ్ నవల గుర్తొచ్చింది. 1927లో వచ్చిన 'టు ద లైట్‌హౌస్'లో మిసెస్ రామ్సే దీపస్తంభం కాపలాదారు కొడుక్కి మేజోడు అల్లుతూ ఉంటుంది. పిల్లాడికి తుంటి క్షయ. కొలత కోసం తన కొడుకు కాలికి పెట్టి చూస్తే వాడు కుదురుగా నిలబడడు. మేజోడు చాలా పొట్టి. ఎరిక్ ఆవర్బాక్ 1946లో అచ్చయిన 'మిమెసిస్' చివరి అధ్యాయానికి ఆ మేజోడు పేరే పెట్టాడు. కొలత చూసే ఆ కొద్ది క్షణాల్లో మనసు ఎంత దూరం తిరిగొస్తుందో, ఆధునిక నవల కాలాన్ని ఎలా సాగదీస్తుందో గొప్పగా విశ్లేషించాడు. ఇరవై ఏళ్ళుగా ఆ అధ్యాయం చెప్తున్నాను. కాలం గురించి అంత రాసిన విమర్శకుడికి ఆ మేజోడు మీద ఎంత కాలం ఖర్చయిందన్న ప్రశ్న అవసరం కాలేదని నాకు ఈ సంక్రాంతికి తట్టింది. ఆయన్నొక్కణ్ణే అనడం దేనికి, నాకూ తట్టలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే పట్టుబడింది. నవల మొదటి భాగం చివర్లో మిసెస్ రామ్సే మేజోడుని మోకాలి మీద పరిచి, ఇక ఇది పూర్తి చెయ్యనని తనే అనేస్తుంది. ఇన్నాళ్ళూ అందులో నాకు అలసటే కనపడింది. ఇప్పుడు నిజాయితీ కనపడుతున్నది. అందరికీ అన్నీ అమర్చే ఇల్లాలు ఒక్క పని పూర్తి చెయ్యలేదని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. బ్యాంకు అమ్మాయి ఒప్పుకుంది, పొట్టి మేజోడు చేతిలో పెట్టింది. నేను ఒప్పుకోలేకపోయాను. జానెడు అల్లిక ఇవ్వడానికి చిన్నతనమనిపించింది. అన్నీ నెగ్గుకొస్తుంది అన్న పేరు నాకు కావాల్సి వచ్చింది. ఆ పేరు కోసం నలుగురు స్త్రీల పని వెనక దాక్కున్నాను. పితృస్వామ్యం మన చేత చేయించే పనుల్లో ఇది అన్నిటికన్నా పాతది. ఒకామె సమర్థురాలిగా కనపడాలంటే ఇంకొకామె కనపడకూడదు. మన ఇళ్ళలో అంట్లు తోమి వెళ్ళే మనిషి సంగతి కూడా ఇంతే. మా ఇంటికి వచ్చే ఆమె వైరు బుట్టలు అద్భుతంగా అల్లుతుంది. దసరా రోజు మా గిన్నెలో ఆమె పేరు చీటీ వెయ్యాలని పదకొండు మందిలో ఒక్కరికీ తోచలేదు. చాపకూడు పుట్టిన సీమ మాది అని మాత్రం చెప్పుకుంటాం.

ఆ రోజు పిన్నిగారు నన్ను నిలదీయలేదు. "ఎంతకి కొన్నావు?" అని మాత్రం అడిగారు. ఏడు వందలన్నాను. కాసేపు లెక్క వేసుకున్నారు. "దీంట్లో వాళ్ళకెంత ముట్టి ఉంటదంటావ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మీస్ అడిగిన ప్రశ్న అదే. ఏడు వందలు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు నేను అడగనిది కూడా అదే.

తర్వాత నోటుబుక్కు తీశారు. 'ఎవరికి' అన్న చోట తన పేరు రాసుకున్నారు. 'ఏమిటి' అన్న చోట లేసు పైగుడ్డ. 'ఎవరు' దగ్గర కలం ఆగింది. నా వంక చూశారు. నా పేరు వద్దన్నాను. "నరసాపురం వాళ్ళు, పేర్లు తెలియవు" అని రాశారు. రోజుల గడి ఖాళీగా వదిలారు.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఊరికి పేరు దక్కింది. అల్లిన వాళ్ళ పేర్లున్న పుస్తకం మాత్రం ఎక్కడా కనపడదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో పేరు మర్చిపోయిన ఇల్లాలికి ఆ పేరు గుర్తు చేసేది చిన్ననాటి స్నేహితురాలు. ఆమెని ఎరిగిన మనిషి ఒకరున్నారు కాబట్టి పేరు తిరిగొచ్చింది. మా నోటుబుక్కులో ఆ వరసకి ఎవరున్నారు?

జానెడు అల్లిక నా దగ్గరే ఉంది. ఉగాదికి రెండు జానలయింది. తెల్లవారుజామున నాపరాళ్ళ గచ్చు మీద ఆ పొట్టి, పొడుగు మేజోళ్ళు వేసుకుని కూర్చుని అల్లుతున్నాను. ఎన్ని గంటలో రాసుకుంటున్నాను. ఈ దసరాకి చీటీలు పన్నెండు.