రక్తం మాది, ప్రశ్న ఎవరిది?

సిద్దిపేట దగ్గరి ఒక మాదిగవాడకు మేం పోయింది, ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలు జన్యు పరిశోధనకు రక్తమిచ్చే ముందు ఏం అడగాలో మాట్లాడుకోవడానికి. ఒక తల్లి మమ్మల్నే ముందు అడిగింది: "మా రక్తం దీస్కపోతె పోరనికి మాటలొస్తయా సారూ?" మేనమామకిచ్చి పెళ్లి చేసింది పెద్దలు. "మేనరికం జేసుకున్నందుకే" అని తిట్లు మాత్రం ఆమెకు.

ఆ ప్రశ్న చెవిలో పెట్టుకుని 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పత్రాన్ని మళ్లీ చదివినం. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి రాసింది. 260కి పైగా సమూహాల నుంచి 2,800 మందికి పైగా నమూనాలు చూసిండ్రు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పుట్టి తరతరాలు లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్న 81 సమూహాలను గుర్తించిండ్రు. అందులో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది. ఇట్లాంటి చోట తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరే వీలు ఎక్కువ. వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం వల్ల ఆపరేషన్‌లో వాడే కొన్ని మందులు ప్రమాదమని డాక్టర్లకు ముందే తెలియడం నిజమైన లాభమే. మేం సైన్సును కాదనడం లేదు.

కానీ కులానికి సారం స్వకుల వివాహమేనని అంబేద్కర్ 1916లోనే కొలంబియాలో చెప్పిండు. నూరేళ్లకు ఆ గోడ రక్తంలో కనబడితే, పత్రం శీర్షిక దాన్ని జన్యువులు కనుక్కునే 'ఆశ'గా చూసింది. ఎవరికి ఆశ? ఆ గోడ దాటి పెళ్లి చేసుకున్న మా పిల్లలు ప్రాణాలు పోగొట్టుకుంటున్న దేశంలో, గోడ పరిశోధకుడికి వనరైంది.

ఆటిజం సంగతి ఇంకా చిక్కు. ఒక్క జన్యువు కాదు, వందల జన్యువుల పాత్ర ఉంది. కొన్ని మార్పులు తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తయి. మేనరికం కొన్ని కుటుంబాల్లో కారణంలో భాగం కావచ్చు, అంతమాత్రాన అది తల్లి తప్పు కాదు. జన్యువు దొరికినా మందు దొరికినట్టు కాదు. ఈ మాట రక్తం తీయక ముందు చెప్పాలె.

చెప్పకపోతే ఏమైతదో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో ఆదివాసీ హాస్టల్ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసిండ్రు. 2013 పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, 1,948 మీద వేలిముద్రలు. అమెరికాలో హవసుపాయ్ ఆదివాసీలు షుగరు వ్యాధి పరిశోధన కోసమిచ్చిన రక్తాన్ని అడగకుండా వేరే పరిశోధనలకూ వాడిండ్రు. వాళ్లు కోర్టుకు పోయిండ్రు, 2010లో రాజీ కుదిరి తమ రక్తాన్ని వెనక్కి తెచ్చుకున్నరు. మన వాడల్లో 'వద్దు, వాపస్ ఇయ్యి' అనే హక్కుందని ఎంతమందికి చెప్పిండ్రు?

రక్తమిస్తే మాటలు రావమ్మా అనే చెప్పినం. కొన్ని కుటుంబాలకు కారణం తెలవొచ్చు, మాటలకు మాత్రం నేర్పే మనిషి కావాలె అన్నం. ఆమె కొంగు సదురుకుని, "గట్లయితె గా మాట కాయితం మీద రాయుండ్రి, మా ఆయనకు జూపెడ్త" అన్నది.