పేరు రాసుకోని కమారో

1967 నాటి షెవర్లే కమారో జెడ్-28 ఒంటి మీద ఎక్కడా 'జెడ్-28' అన్న పేరు ఉండదు. ఆ ఏడాది కమారోలు రెండు లక్షలకు పైగా తయారైతే, ఇవి 602 మాత్రమే. బోనెట్ మీదా డిక్కీ మీదా సాగే రెండు వెడల్పాటి చారలే పైకి కనిపించే ఆనవాలు. ఆ చారలు ఏ పెయింటరైనా వేయగలడు. కారు ఛాసిస్ నంబరు పలక కూడా వీ8 ఇంజను, రెండు తలుపుల బాడీ, సంవత్సరం, ఫ్యాక్టరీ వరకే చెప్పి ఊరుకుంటుంది. ఇక అసలుదో కాదో తేలాలంటే చదవాల్సింది లోపలి పనితనాన్నే.

జెడ్-28ను తయారుచేసింది ట్రాన్స్-యామ్ కారు పందేల కోసం; అప్పట్లో ఆ పందేల్లో ఇంజను 305 ఘనపుటంగుళాలు దాటకూడదు. షెవర్లే చేతిలో ఉన్న 283 చిన్నదైంది, 327 పెద్దదైంది. ఇంజనీర్లు 327 బ్లాకులో 283 ఇంజను స్ట్రోకే ఉన్న క్రాంకు షాఫ్టును కూర్చారు. నాలుగంగుళాల బోరు, మూడంగుళాల స్ట్రోకు: మొత్తం 302కు తేలింది. స్ట్రోకు పొట్టిది కావడంతో ఇంజను జోరుగా తిరగడానికి వీలు చిక్కింది. ఉన్న సామానులోంచే ఇంత పొందికైన జవాబు తీయడం, కొత్త ఇంజను పుట్టించడం కన్నా గొప్ప పని అంటాను.

అసలు సాక్ష్యం కుడి సిలిండర్ హెడ్‌కు ముందున్న చిన్న చదును మీద ఉంటుంది. ఫ్లింట్ ఇంజను ఫ్యాక్టరీకి గుర్తుగా 'వి', తర్వాత నెల, తేదీ, చివర ఈ ఇంజనుకు గుర్తుగా 'ఎంఓ'. పొగ తగ్గించే గాలి పంపుతో వచ్చినదైతే 'ఎంపీ'. అక్షరాల కన్నా వాటి కింది లోహాన్ని చూడాలి. బ్లాకును చదును చేసిన యంత్రం సన్నని సమాంతర గీతలు వదులుతుంది. పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టినవాడి చేతిలో ఆ గీతలు చెరిగిపోతాయి.

కారు కిందికి దూరితే, వెనక ఇరుసును పట్టుకుని కుడివైపు మాత్రమే ఒక కడ్డీ కనిపిస్తుంది. అటూ ఇటూ ఒక్కో కమాను పట్టీతో నిలిచే ఇరుసు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మెలితిరిగి ఎగురుతుంది. దాన్ని ఆపడానికే ఈ కడ్డీ. ఈ ఆనవాళ్ళలో నాకు ఎక్కువ ముద్దొచ్చేది ఇదే.

ముందు డిస్కు బ్రేకులు, నాలుగు గేర్లు, 15 అంగుళాల చక్రాలు సరే. ఆటోమేటిక్ గేరుతోనో ఏసీతోనో ఫ్యాక్టరీ నుంచే వచ్చిందంటే మాత్రం అది జెడ్-28 కాదు.

చివరికి తేదీలు వరుసలో ఉండాలి: ముందు బ్లాకు పోత, తర్వాత ఇంజను కూర్పు, ఆపైన బాడీ పలక మీది నెల, వారం. ఏప్రిల్ బాడీలో మే నెల పోత ఉంటే, ఆ ఇంజను తర్వాతెప్పుడో ఎక్కించిందే.